టేకు చెట్టుకు బోరు వేసినందుకు: నల్లమలలో నా పీహెచ్‌డీ

డిసెంబర్ 2021లో పీహెచ్‌డీలో చేరాను, ఆగస్టు 2025లో థీసిస్ ఇచ్చాను. ఈ మూడేళ్ల ఎనిమిది నెలల్లో నేను అడవిలో ఉన్న రోజులు లెక్కపెడితే 61 వచ్చాయి. చెట్ల మీద రీసెర్చ్ అంటే రోజూ అడవిలో తిరగడమే అనుకుని వచ్చేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోండి. మిగతా కాలమంతా లెటర్ల కోసం, జీపు కోసం, వాన ఆగడం కోసం, విత్తనం మొలవడం కోసం కాచుకుని కూర్చోవడమే. నాకు ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

మాది కల్వకుర్తి దగ్గర పల్లె. శ్రీశైలం బస్సులు మా ఊరి రోడ్డు మీదనుంచే పోతాయి. చిన్నప్పుడు శివరాత్రికి పోయేటప్పుడు మన్ననూరు దాటగానే కిటికీలోంచి టేకు చెట్లు చూస్తూ కూర్చునేదాన్ని, అంతకుమించి అడవితో నాకు చుట్టరికం లేదు. బోటనీ ఎమ్మెస్సీ చేశాక జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకు నెలకింతని ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది, హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో సీటు వచ్చింది. నా టాపిక్ ఒక్క మాటలో చెప్పాలంటే ఇది: కరువు వచ్చిన ఏడు టేకు చెట్టు ఏం చేస్తుంది, వాగు పక్కనున్న చెట్టూ రాతి గట్టు మీదున్న చెట్టూ ఒకే తీరుగా తట్టుకుంటాయా. మొదట నల్లమద్ది మీద చేద్దామనుకున్నా. దాని రింగులు, అంటే ఏడాదికొకటి చొప్పున కలపలో పడే వలయాలు, సరిగ్గా కనబడవని మా గైడ్ సారు వద్దన్నారు. టేకు అలా కాదు, ఎండాకాలం ఆకు రాల్చి పెరగడం ఆపేస్తుంది, వానలు మొదలవగానే కలపలో నీళ్లు లాగే పెద్ద పెద్ద నాళాలు వేస్తుంది, కాబట్టి ఏడాదికీ ఏడాదికీ మధ్య గీత కంటికే తెలిసిపోతుంది.

చెట్టును కొట్టకుండా రింగులు చూడాలంటే ఇంక్రిమెంట్ బోరర్ కావాలి. ఇది స్వీడన్‌లో తయారయ్యే గొట్టంలాంటి మర, చేత్తో తిప్పుతూ చెట్టులోకి దించితే పెన్సిల్ కంటే సన్నటి పుల్ల బయటికొస్తుంది. దాన్ని కోర్ అంటారు, నేను మాత్రం ఇప్పటికీ పుల్ల అనే అంటా. కస్టమ్స్ అంతా కలిపి 42 వేలు పడింది. ల్యాబ్ డబ్బులు మార్చి తర్వాతే వస్తాయన్నారు, దాంతో ముందు నేనే కట్టా. అప్పుడు ఫెలోషిప్ 31 వేలు. 2023 జనవరి నుంచి లెక్కేసి 37 వేలు చేశారు, బకాయిలు కూడా ఇచ్చారు, కాదనను. కానీ నెలనెలా పడే డబ్బు కాదది. మూడు నెలలకోసారి, ఒక్కోసారి ఐదు నెలలకి పడేది. హాస్టల్ మెస్ బిల్లుకు అమ్మ దగ్గర తీసుకున్న రోజులున్నాయి.

పర్మిషన్ సంగతి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, దాంట్లో రీసెర్చ్ కోసం లోపలికి పోవాలంటే వన్యప్రాణి చట్టం ప్రకారం రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. జూన్ 20, 2022న అప్లికేషన్ పెట్టాను. రెండు నెలలు ఏ సమాధానమూ లేదు. వెళ్లి అడిగితే ఫైల్ ఇంకో సెక్షన్‌లో ఉందన్నారు. ఆ సెక్షన్‌కు పోతే, చెట్టుకు రంధ్రం చేస్తే చెట్టు చచ్చిపోదని రాసివ్వమన్నారు. రాసిచ్చా. అక్టోబర్‌లో, ఈ పని చేసిన పేపర్లు జతచేయమన్నారు. చేశా. డిసెంబర్‌లో మ్యాపు కలర్‌లో కావాలన్నారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆఖరికి ఫిబ్రవరి 17, 2023న లెటర్ వచ్చింది. ఎనిమిది నెలలు. షరతులు: 40 చెట్లు, చెట్టుకు ఒకే కోర్, సిబ్బంది వెంట లేకుండా లోపలికి పోకూడదు, చీకటి పడేలోపు బయటికి రావాలి, ఏడాదే గడువు. మామూలుగా చెట్టుకు రెండు వైపుల నుంచి రెండు కోర్లు తీస్తారు. ఒకటే అన్నారే అని అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు, తర్వాత అదే నా మెడకు చుట్టుకుంది.

మార్చి 6న మన్ననూరులో దిగాను. తెలివైనవాళ్లెవరూ మార్చిలో మొదలుపెట్టరని అక్కడికి పోయాక తెలిసింది. అది అగ్గి కాలం. స్టాఫ్ మొత్తం ఆకులు ఊదే బ్లోయర్లు భుజాన వేసుకుని ఫైర్ లైన్ల మీద, అంటే మంట పాకకుండా శుభ్రం చేసే దారుల మీద ఉన్నారు, నా వెంట రావడానికి మనిషి లేడు. చెక్‌పోస్టులో నా బ్యాగు చూసి, కోర్లు పెట్టుకోవడానికి తెచ్చిన ప్లాస్టిక్ స్ట్రాల కట్ట తీసేసుకున్నారు. లోపల ప్లాస్టిక్ నిషేధం, తప్పు నాదే. ఆ రాత్రి రూములో కూర్చుని న్యూస్‌పేపరు చుట్టి గొట్టాలు చేసుకున్నా. పేపరు గొట్టాలే నయమని తర్వాత అర్థమైంది, ప్లాస్టిక్‌లో పుల్లలకు బూజు పడుతుందట. పదకొండు రోజులు రూములో కూర్చుంటే పన్నెండో రోజు ఒక చెంచు పెద్దాయనను వాచర్‌గా ఇచ్చారు. కూలి రోజుకు 500, జీపు రోజుకు 2,500.

ఆయన మొదటి రోజు నాతో మాట్లాడలేదు. ఎందుకో రెండో రోజు ఒక పెంటకు (చెంచుల గూడేన్ని అలాగే అంటారు) నీళ్ల కోసం పోయినప్పుడు తెలిసింది. నా చేతిలో బోరర్ చూసి ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. "యురేనియపోళ్లా?" అని ఒకామె సూటిగానే అడిగింది. 2019లో ఇక్కడ యురేనియం సర్వే అనగానే అడవిలో బోర్లు వేస్తారని ఎంత గొడవ జరిగిందో మనందరికీ తెలుసు, ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. అవన్నీ పేపర్లో చదివినదాన్నే, అయినా బోరు పేరున్న సామాను పట్టుకుని చెంచు పెంటకు పోతే ఏమనుకుంటారో నాకు తట్టనే లేదు. "కాదమ్మా, చెట్టు వయసు చూస్తా" అన్నా. ఎవరూ నమ్మలేదు. ఆఖరికి అక్కడే పక్కనున్న ఎండు దుంగలోకి బోరర్ తిప్పి, పుల్ల తీసి, చేతిలో పెట్టి రింగులు లెక్కపెట్టించా. పెద్దాయన పుల్లను వాసన చూశాడు. "మట్టిల దింపవు గద?" అన్నాడు. "లేదు తాతా, చెట్టుకే" అన్నా. అప్పటి నుంచి "బిడ్డా" అని పిలవడం మొదలుపెట్టాడు. మీ ఊరికి దగ్గరి అడవే కదా అని జనంతో ముందు మాట్లాడకుండా పోకండి. నా చేతిలో పర్మిషన్ లెటర్ ఉంది, దాంతో వాళ్లకేం పని?

పులి భయం గురించి అందరూ అడుగుతారు. పులి నాకు పాదాల గుర్తుల్లో తప్ప కనబడలేదు. మాకు భయమంతా ఎలుగుబంటిది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది, తెల్లవారుజామున చెట్ల కింద అవే ఉంటాయి. పెద్దాయన ఎనిమిదయ్యే దాకా ఇప్ప చెట్లున్న దారిన పోనిచ్చేవాడు కాదు, దారి పొడుగునా గట్టిగా దగ్గుతూ నడిచేవాడు.

పని ఎలా ఉంటుందంటే, ఛాతీ ఎత్తులో చెట్టు పట్ట మీద బోరర్ మొన ఆనించి ఒంటి బరువంతా వేసి తిప్పాలి. మొన పట్టు దొరికేదాకా జారుతుంది, దొరికాక కిర్రుకిర్రుమంటూ పోతుంది. సబ్బు రాసుకోవాలి, లేకపోతే సగంలో బిగుసుకుంటుంది. గుండె భాగం దాటిందనుకున్నాక లోపలికి సన్నటి గరిటెలాంటిది తోసి, బోరర్‌ను కొంచెం వెనక్కి తిప్పితే టక్కున పుల్ల విరుగుతుంది. బయటికి లాగితే కొత్త చెప్పుల షాపు వాసన! టేకు పచ్చిగా ఉన్నప్పుడు అదే వాసన. ఒక చెట్టుకు నలభై నిమిషాలు. నాలుగో చెట్టుకల్లా అరచేతుల్లో బొబ్బలొచ్చాయి. రాత్రి ఫోన్‌లో అమ్మ "చేతులేమైనయ్" అని వీడియోలో చూసి, "పెళ్లిచూపులకు ఈ చేతులతో కూర్చుంటవా" అని మొదలుపెట్టింది. ఫోన్ పెట్టేశా.

ఏడో చెట్టు గట్టు మీదిది. బయట నిగనిగలాడుతోంది, లోపల పుచ్చిపోయి ఉందని తెలియలేదు. మొన డొల్లలోకి పోయింది. వెనక్కి తిప్పితే మరకు పట్టు దొరక్క అక్కడే గిరగిర తిరుగుతుంది తప్ప బయటికి రాదు. 42 వేల సామాను చెట్టులో ఇరుక్కుపోయింది. మూడు గంటలు ప్రయత్నించాం. సాయంత్రమైంది, చీకట్లో ఉండకూడదు, బోరర్‌ను అక్కడే వదిలేసి దిగొచ్చాం. ఆ రాత్రి నిద్రపట్టలేదు, అంత టెన్షన్ నాకు వైవా (థీసిస్ మీద చివర జరిగే మౌఖిక పరీక్ష) అప్పుడు కూడా ఉండదేమో. పొద్దున పెద్దాయన ఒక తాడు తెచ్చాడు. నారేపి పట్టతో పేనిన తాడట. బోరర్ పిడికి ఒక కొస, వెనకున్న చిరుమాను చెట్టుకు ఒక కొస కట్టి, మధ్యలో కర్ర దోపి మెలిపెట్టాడు. తాడు బిగుస్తుంటే "ఇప్పుడు తిప్పు, ఇప్పుడు తిప్పు" అంటూ నన్ను తిప్పమన్నాడు. పావుగంటలో బయటికొచ్చింది. మొన మీద అంచు మాత్రం చిట్లిపోయింది. కొత్త మొన తెప్పిస్తే సెప్టెంబర్‌లో అందింది, 16 వేలు.

వానలయ్యాక నవంబర్‌లో పోదామంటే ఎలక్షన్లు. నవంబర్ 30న పోలింగ్, జీపులు, సిబ్బంది అంతా ఆ డ్యూటీలోనే. డిసెంబర్ రెండో వారంలో మొదలుపెట్టి జనవరి 28, 2024కి 38 చెట్లు పూర్తిచేశా. సగం వాగు చెట్లు, సగం గట్టు చెట్లు. గడువు ఇంకో ఇరవై రోజులుందనగా.

ఫిబ్రవరి నుంచి మే దాకా శాండ్ పేపర్. 120 నంబరుతో మొదలుపెట్టి 600 దాకా, ఒక్కో పుల్లను చెక్క పట్టీకి అతికించి, నాళాలు చిన్న చిన్న చుక్కల్లా కనబడేదాకా రుద్దాలి. టేకులో నూనె ఉంటుంది కదా, కాగితం ఊరికే నిండిపోతుంది. తుమ్ములు, కళ్లమంటలు. మాస్క్ పెట్టుకోండి, నేను మొదటి నెల పెట్టుకోలేదు. తర్వాత స్కాన్ చేసి కంప్యూటర్‌లో రింగులు కొలిచా. అసలు కష్టం అప్పుడు మొదలైంది.

రింగులు లెక్కపెట్టడం వేరు, ఏ రింగు ఏ సంవత్సరానిదో చెప్పడం వేరు. అన్ని చెట్లలోనూ సన్నగా ఉన్న రింగులు ఒకే ఏడుకు కలవాలి. 2002, 2015 రెండూ కరువులే, వాగు చెట్లలోనూ గట్టు చెట్లలోనూ సన్నగా కనబడ్డాయి, 1987 కూడా దొరికింది. వాగు చెట్లన్నీ 1950ల దాకా చక్కగా కలిశాయి. గట్టు చెట్లు 1973 వరకు కలిసి, అక్కణ్నుంచి వెనక్కి పోతే తప్పాయి. కోఫెచా అనే పాత సాఫ్ట్‌వేర్ ఒకటుంది, తేదీలు సరిచూసేది, అది ప్రతి గట్టు చెట్టు దగ్గరా ఒక ఏడాది జరపమని చూపిస్తోంది. నేనే తప్పు కొలిచాననుకున్నా. జూన్ మొత్తం మళ్లీ కొలిచా. అదే తప్పు. సారు దగ్గరికి పోవడానికి మొహం చెల్లక జ్వరమని ఇంటికి వెళ్లిపోయా.

ఇంట్లో అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని చూస్తుంటే మా అవ్వ సజ్జలు చెరుగుతూ ఏందది అని అడిగింది. చెట్టు లోపలి బొమ్మ, ఒక్కో గీత ఒక్కో యేడు అన్నా. "డెబ్బై రెండు కరువుది ఏది?" అంది. వాగు చెట్టులో చూపించా, వెంట్రుకంత గీత. "గట్టు మీద చెట్టుది?" అదే అవ్వా, అక్కడే లెక్క తప్పుతోంది అన్నా. చేట ఆపి చెప్పింది. "ఆ యేడు మీ తాత శ్రీశైలం డ్యామ్ కాడికి పనికి పోయిండు. తట్టలు మోసిండు. చేన్ల ఏం మొలవలె, జొన్న గింజ ఇంటికి రాలె. మనకే ఏం లేకపాయె, గట్టు మీద చెట్టుకేముంటది?" మా నాయిన అప్పుడు కడుపులో ఉన్నాడట. ఆధార్‌లో మాత్రం 01-01-1975 అని ఉంటుంది. ఇంట్లో అందరికీ తెలిసిన తప్పే అది.

ఏముంటది అన్న మాట దగ్గర నాకు వెలిగింది. రింగు సన్నగా ఉందా లేదా అని వెతుకుతున్నానే గానీ, అసలు రింగే లేకపోతే? అలాంటివి ఉంటాయని ఫస్ట్ ఇయర్‌లోనే చదివా, మరీ ఎండిన ఏడు చెట్టు కింది కాండంలో కొత్త కలప వేయకుండానే గడిపేస్తుంది. ఆ రాత్రే గట్టు చెట్లలో 1972 దగ్గర సున్నా పెట్టి మళ్లీ నడిపించా. వాటిలో చాలా చెట్లు వెనకదాకా అతుక్కున్నాయి. పక్క గదిలో నిద్రపోతున్న నాయిన లేస్తాడేమోనని అరవలేదు.

సారు విని సంతోషించారు, కానీ ఒప్పుకోలేదు. ఒకవైపు లేని రింగు చెట్టుకు ఇంకోవైపు ఉండొచ్చు, రెండో కోర్ చూడకుండా రాయొద్దన్నారు. మళ్లీ అప్లికేషన్. గడువు పొడిగించమని, పది చెట్లకు రెండో కోర్ ఇమ్మని ఆగస్టు 2024లో పెట్టా. ఈసారి మ్యాపు ముందే కలర్‌లో ఇచ్చా. నవంబర్‌లో వచ్చింది. డిసెంబర్‌లో పోయి తీశా. పదింట్లో కొన్నింటికి అవతలి వైపు 1972 గీత దొరికింది, దారప్పోగులా. మిగతావాటికి అక్కడా లేదు. మొదటే రెండు కోర్లకు గట్టిగా అడిగుంటే ఆర్నెల్లు మిగిలేవి. అప్లికేషన్‌లో ఎక్కువ అడిగితే ఇవ్వరేమోనని తక్కువ అడగకండి, వాళ్లు ఎలాగూ తగ్గిస్తారు.

ఇంకో సంగతి నాళాలది. పలుచటి పొరలు కోసి రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే, గట్టు చెట్లు వేసే నాళాలు వాగు చెట్లవాటికంటే చిన్నవి. పెద్ద నాళం నీళ్లు బాగా లాగుతుంది, కానీ ఎండ ముదిరితే లోపల గాలిబుడగ చేరి పనికిరాకుండా పోయే ప్రమాదమూ ఎక్కువే. గట్టు చెట్టు తక్కువ లాగినా నీటి ధార తెగకుండా చూసుకుంటోంది. నా థీసిస్‌లో నాకు నచ్చిన చాప్టర్ ఇదే. కానీ ఇది ఆ చెట్టు బతికిన చోటు నేర్పిన పద్ధతా, విత్తనంలోనే వచ్చిందా అంటే కోర్ చూసి చెప్పలేం. రెండు చోట్ల విత్తనాలూ ఒకే మట్టిలో, ఒకే నీళ్లతో పెంచి చూడాలి.

చూశా. జనవరి 2024లో ఏరిన కాయలను రాత్రంతా నానబెట్టి పగలంతా ఎండబెట్టి, రెండు వారాలు అలా చేశాకే విత్తాలి, టేకు కాయ పెంకు అంత మొండిది. అయినా మొలిచింది తక్కువే. హాస్టల్ మేడ మీద 120 కవర్లలో మొక్కలు నిలబెట్టా. ఆగస్టులో ఒక ఆదివారం కోతులు వచ్చి వరసగా ఒక్కొక్కటే పీకి, వేరు చూసి పారేశాయి. 31 మిగిలాయి. ఏ చోటు విత్తనానివో రాసిన చీటీలు కూడా చింపేశాయి, వాటిలో 12 మొక్కలు ఎక్కడివో ఇప్పటికీ తెలియదు. థీసిస్‌లో ఆ చాప్టర్ నాలుగు పేజీలే, చివర్లో "ఇంకా పరిశీలించాల్సి ఉంది" అని ఉంటుంది. కోతుల మాట రాయలేదు.

మొత్తం నా చేతినుంచి పోయింది లక్షా పది వేలు, అందులో 58 వేలు తిరిగొచ్చాయి. బిల్లు మీద జీపు నంబరు లేదని ఏడు రోజుల కిరాయి కొట్టేశారు. అడవిలో ఎవరు బిల్లు రాసిస్తారు చెప్పండి, అయినా ఒక బిల్లు బుక్కు మీరే కొని డ్రైవర్ చేత సంతకం పెట్టించుకోండి.

సబ్మిట్ చేశాక ఒక కాపీ అటవీ శాఖకు ఇవ్వాలన్నది పర్మిషన్ షరతుల్లో ఉంది. ఇంకో బైండింగ్‌కు 1,150. పోయిన వారం మన్ననూరు వెళ్లి ఇచ్చి, పెద్దాయనను కలిశా. ఏడో చెట్టు చూద్దాం రా అని తీసుకుపోయాడు. బోరర్ పోయిన చోట పట్ట లోపలికి ముడుచుకుని మూసుకుపోతోంది, చిటికెన వేలు కూడా పట్టదు. తాడు ఏమైంది తాతా అంటే, తేనెకు పోయినప్పుడు తెగిందన్నాడు. రాత్రి తొమ్మిదింటికి అడవి రోడ్డు గేటు మూసేస్తారని గబగబా బస్సెక్కా. వైవా తేదీ ఇంకా రాలేదు.